మా ఊరికి సుబాబుల్ ఎందుకొచ్చిందంటే

మా నాన్న గురించి రెండు పేజీలు రాసిమ్మని మొన్న మా ఊరినుంచి ఇద్దరు పెద్దమనుషులు గుంటూరులో మా ఇంటికి వచ్చారు. ఒకాయన మాజీ సర్పంచి. రెండో ఆయన మా నాన్నకి వరసకి తమ్ముడు, నాకు బాబాయి. ఊరి రైతుల మీద ఒక పుస్తకం వేస్తున్నారట. ముందుతరం ఆదర్శ రైతుల ఫొటోలూ, వాళ్ళ గురించి పిల్లలో మనవలో రాసిన నాలుగు మంచి మాటలూ అందులో ఉంటాయట. మా నాన్న ఫొటో మొదటి పేజీలో వేస్తామన్నారు. కాగితం మిల్లులకి పోయే సుబాబుల్ చెట్టుని ఊరికి తెచ్చింది ఆయనే కదా మరి. "మీ నాన్న ముందుచూపున్న మనిషమ్మా. కూలీలకి కరువొచ్చిద్దని అందరికంటే ముందే కనిపెట్టాడు. అదే రాయి," అన్నాడు బాబాయి. నేను కాలేజీలో తెలుగు చెప్పుకుంటూ అప్పుడప్పుడూ కథలు రాసేదాన్ని కాబట్టి నా రెండు పేజీలు మిగతావాళ్ళవాటికంటే అందంగా ఉంటాయని వాళ్ళ నమ్మకం. టీ ఇచ్చి, రాస్తానని చెప్పి పంపాను. రాస్తున్నాను. వాళ్ళు వేసుకునేది కాదని మొదటి వాక్యం దగ్గరే నాకు తెలిసిపోయింది. అయినా మొదలుపెట్టాక ఆగాలనిపించలేదు.

మా ఊరు వినుకొండకి దక్షిణంగా, రెండు జిల్లాల సరిహద్దులో, నల్లరేగడి నేలల మధ్య ఉంటుంది. నా చిన్నతనంలో అక్కడ చేనంటే ఒక్క పంట కాదు. జొన్న వేస్తే మధ్యమధ్య కంది సాళ్ళు, కందికి అల్లుకున్న అలసందలు, గట్ల వెంట ఆముదాలు, ఎక్కడ జాగా దొరికితే అక్కడ గోంగూర, దాని కాళ్ళ కింద పాకే దోసతీగలు. ఇప్పటి అధికారులెవరైనా ఆ చేను చూస్తే దీనికి ఒక పద్ధతీ పాడూ లేదని రాసుకుపోయేవాళ్ళు. మా నాయనమ్మకి మాత్రం ఆ చేనే వంటిల్లు. తెల్లవారుతూనే తిరగలి ముందు కూర్చునేది. ఊళ్ళో పిండిమర ఉన్నా, మరలో పడ్డ పిండి వేడెక్కి చచ్చిపోతుందని ఆమె వాదన. తిరగలి రాయి గరగరా తిరుగుతుంటే ఆ చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కాసేపటికి పెనం మీద జొన్నరొట్టె అంచులు మాడిన వాసన, దాని వెనకే దొడ్లోంచి చొప్ప వాసన, ఎద్దుల వాసన. జొన్నకంకులు పాలు పోసుకుని గట్టిపడుతున్న రోజుల్లో నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, ఊదుకుని తినే ఊచబియ్యం కోసం బడి మానేసిన రోజులున్నాయి.

కోతల కాలంలో మా కళ్ళంలో తూర్పారబట్టడానికి దీనమ్మ వచ్చేది. పల్లెలో, అంటే చర్చి వైపున్న వాడలో, ఆమెని మించిన చెయ్యి లేదు. నోట్లో పొగాకు పెట్టుకుని, చేట చంకలో పెట్టుకుని, కళ్ళం మధ్య కదలకుండా నిలబడి గాలి కోసం చూసేది. మాకెవరికీ ఆకు కదిలినట్టు కూడా కనిపించేది కాదు. "ఇంకాసేపటికి పడమటి గాలి లేచిద్ది, కూకోండి," అనేది. లేచేది. ఆమె చేట ఎత్తి వంచితే గింజలు ఆమె కాళ్ళ దగ్గర గుట్టగా పడేవి, పొట్టు ఎటో కొట్టుకుపోయేది. ఆమె కోడలు మార్తమ్మ. కొడుకు పోయాక ఆ అత్తాకోడళ్ళు ఒకరికొకరు తోడుగా, మార్తమ్మ కూతురు రూతుని పెంచుకుంటూ బతికేవాళ్ళు. ముప్ఫైమంది ఆడవాళ్ళ కూలి ముఠాకి మార్తమ్మ మేస్త్రి. ఏ చేలో ఏ రోజు దిగాలో ఆమే చెప్పేది. సాయంత్రం ఇళ్ళకి పోయేటప్పుడు ఏ చేలోంచి అయినా కొంగులో పట్టినంత గోంగూరో, అలసందకాయలో, నాలుగు దోసకాయలో కోసుకుపోవడం వాళ్ళకి అలవాటు. చేను గలవాళ్ళు కనిపిస్తే మాటవరసకి అడిగేవాళ్ళు, కాదనేవాళ్ళెవరూ ఉండేవాళ్ళు కాదు.

అలాగని ఆ రోజులు బంగారమని నేను రాయను. మా ఇంట్లో పల్లెవాళ్ళకి మంచినీళ్ళిచ్చే సత్తుగ్లాసు చూరులో దోపి విడిగా ఉండేది. దాన్ని మేం కాలితో కూడా తాకేవాళ్ళం కాదు. జొన్నసంకటి మెడ దిగక నేను ఏడ్చిన రోజులూ ఉన్నాయి. ఇవాళ సభల్లో పాతపంటల గురించి గొంతు వణికించే మావాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ పంటలు మీదపడి ఎవరూ లాక్కోలేదు. మేమే ఎగిరెగిరి వదిలించుకున్నాం.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. నేను నరసరావుపేటలో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతున్నాను. సెలవులకి వచ్చిన ప్రతిసారీ ఊళ్ళో జొన్నచేను ఒకటి తగ్గి పత్తిచేను ఒకటి పెరిగేది. జొన్న తినేవాడు బీదవాడు, పత్తి అమ్మేవాడు రైతు అని ఎవరు చెప్పారోగానీ అందరూ నమ్మారు. మా మగవాళ్ళకి పత్తితో పాటు ఒక కొత్త నడక కూడా వచ్చింది. చేలోకి దిగడం మానేసి, గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసేవాళ్ళు. పనిలేనప్పుడు వినుకొండ వెళ్ళి పురుగుమందుల కొట్టు ముందు వరసగా వేసిన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చునేవాళ్ళు. కొట్టాయన ఇప్పించిన టీ తాగి, ఆయన చెప్పిందల్లా మోసుకొచ్చేవాళ్ళు. పెళ్ళాం వేసుకునే మందుబిళ్ళ పేరు గుర్తుండనివాళ్ళు పురుగుమందుల పేర్లు మాత్రం సహస్రనామాల్లా అప్పజెప్పేవాళ్ళు. ఒక మందుకి పురుగు చావకపోతే రెండు కలిపి కొట్టేవాళ్ళు, దానికీ చావకపోతే మూడు. పురుగు అలవాటుపడింది. మనుషులకి ఆ అవకాశం లేదు.

మా నాన్న అందరిలోకీ ముందు మందు కొట్టే తైవాన్ పంపు కొన్నాడు. అది వీపున తగిలించుకుని మొదటిరోజు ఊరి మధ్యగా నడిచివచ్చాడు, చేనుకి దగ్గరదారి వేరే ఉన్నా. ఆ రోజు నుంచి మా ఇంటికి కొత్తవాసన పట్టింది. ఆయన బనియన్లు అమ్మ విడిగా నానబెట్టేది. మందుడబ్బాలు నాన్న మంచం కింద ఉండేవి. ఖాళీ అయిన డబ్బాల్ని అమ్మ చింతపండూ బూడిదా పెట్టి తోమి కందిపప్పు పోసి పెట్టేది. డబ్బా మీద పుర్రెబొమ్మ గీకినా పోయేది కాదు, చదువుకున్నదాన్ని నేనూ ఆ పప్పే తినేదాన్ని. జొన్న పోవడంతో చొప్ప పోయింది, చొప్ప పోవడంతో ఎద్దుల్ని అమ్మేశారు, తిరగలి గోడకి చేరింది. నాయనమ్మ ఆ ఏడే బియ్యపన్నానికి మారి, తిన్న గంటకే ఆకలవుతోందని అంటూ అంటూనే రెండేళ్ళకి పోయింది. ఆకలి కాదు, వయసు చాదస్తమని నాన్న అనేవాడు. ఒక్క గోంగూర మాత్రం పోలేదు. ఏళ్ళ తరబడి రాలిన విత్తనం నేలలో ఉండిపోయి, వానపడగానే పత్తి అంచుల్లో వద్దన్నా మొలిచేది. దాన్ని ఆసరా చేసుకుని దోసతీగలూ పాకేవి.

నాయనమ్మ పోయిన ఏడు, నేను డిగ్రీలో చేరాక, దసరా సెలవుల్లో ఒకరోజు పొద్దున్నే నాన్న చేనుకి మందు కొట్టడానికి వెళ్ళాడు. అన్నం క్యారేజీ నేను తీసుకెళ్ళాను. నేను వెళ్ళేసరికి పని అయిపోయింది. ఖాళీ డబ్బాలు గట్టు మీద పడి ఉన్నాయి. నాన్న తుమ్మచెట్టు నీడన నిలబడి, స్కూటరు మీద వచ్చిన మందుల కొట్టాయనతో మాట్లాడుతున్నాడు. పత్తిచెట్టుకి ఎన్ని కాయలున్నాయో కొట్టాయన లెక్కపెట్టి చెప్పి, ఇలాంటి చేను ఈ చుట్టుపక్కల చూడలేదని పొగుడుతున్నాడు. ఆ మాట ఆయన అందరికీ చెప్తాడని నాకే తెలుసు, నాన్నకి తెలియదా? తెలిసినా తెలియనట్టు మురిసిపోతున్నాడు. పక్కచేలో ఒంటిపూట కలుపుతీసి మార్తమ్మ ముఠా ఇళ్ళకి మళ్ళింది. అందరూ ముందు పోతుంటే మార్తమ్మ ఒక్కతే మా గట్టు దగ్గర ఆగింది.

"అయ్యా, కాస్త గోంగూర కోసుకుంటా. దోసకాయలు కూడా నాలుగు కనపడతన్నాయి," అంది.

నాన్న ఆమె వైపు తిరగను కూడా లేదు. చెయ్యి గాల్లో ఆడించి, "ఆఁ, కోసుకో కోసుకో," అన్నాడు. అని, ఆపిన దగ్గర్నుంచి మళ్ళీ కాయల సంగతి అందుకున్నాడు.

చేనంతా వాసన కొడుతోంది. అది మార్తమ్మకి తెలియలేదా అని తర్వాత ఊళ్ళో చాలామంది అడిగారు. ఆ సీజనులో ఏ చేను వాసన కొట్టలేదు గనక? ఊరూ, దారీ, కాలవా, మా జుట్టూ, మా పుస్తకాలూ అన్నీ అదే వాసన. ఏది నిన్నటిదో ఏది ఇప్పటిదో చెప్పగల ముక్కు ఊళ్ళో ఎవరికీ మిగల్లేదు. నేను మాత్రం చూశాను. నా కాళ్ళ దగ్గర డబ్బాలున్నాయి. నాన్న ఇప్పుడు గుర్తొచ్చి వద్దంటాడు, ఇప్పుడు అంటాడు అనుకుంటూ నిలబడ్డాను. అనలేదు. 'మందు కొట్టారు' అని రెండు మాటలు నేననొచ్చు. బయటివాళ్ళ ముందు ఆడపిల్ల నాన్న మాటకి అడ్డుపడటం మా ఇంట్లో లేదు. అదొక్కటే కారణమా అంటే, ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు ఇంకొకటి దొరకలేదు. క్యారేజీ అక్కడ పెట్టి ఇంటికొచ్చేశాను.

మార్తమ్మ గోంగూర వండి, దోసకాయలు పచ్చివే తొక్కతో తరిగి పచ్చడి కలిపింది. దోసముక్కలంటే దీనమ్మకి ఇష్టం. అందరికంటే ఎక్కువ ఆమే తింది. పొద్దు గుంకేలోపు ముగ్గురికీ వాంతులు, నోటివెంట నురగ. పల్లెవాళ్ళు ట్రాక్టరు మాట్లాడి వినుకొండ ఆసుపత్రికి తీసుకుపోతుంటే దీనమ్మ దారిలోనే పోయింది. మార్తమ్మా రూతూ నాలుగు రోజులుండి బతికి వచ్చారు.

మర్నాడు పొద్దున ఆ కబురు మా ఇంటికి వచ్చేసరికి నాన్న పడకకుర్చీలో ఉన్నాడు. నేను కాఫీగ్లాసు అందిస్తున్నాను. కబురు తెచ్చినవాడు మాట ముగించకముందే నాన్న, "నన్నడిగి కోసిందా?" అన్నాడు. అని నా వైపు చూశాడు. నేను ఆయన్ని చూశాను. ఆ క్షణంలో ఆయన తడబడి ఉంటే, కనీసం కళ్ళు దించుకుని ఉంటే, మా నాన్న మీద నాకు కాస్త గౌరవం మిగిలేది. ఆయన ఆ మాటే రెండోసారి, ఇంకొంచెం గట్టిగా అన్నాడు. అబద్ధాన్ని రెండోసారి గట్టిగా అంటే చాలు, మా ఇంట్లో అది నిజమైపోయేది. నేను వంటింట్లోకి వెళ్ళి, మార్తమ్మ అడిగిందనీ నా చెవులతో విన్నాననీ అమ్మకి చెప్పాను. అమ్మ కత్తిపీట ముందునుంచి లేవలేదు. "విన్నావుగా. ఇంక ఎక్కడా అనకు," అంది. ఆ పూటే నాన్న చేనుకి వెళ్ళి గోంగూరమొక్కలన్నీ వేళ్ళతో పీకించి తగలబెట్టించాడు. భయపడ్డాడో, బాధపడ్డాడో, సాక్ష్యం చెరిపేస్తున్నాననుకున్నాడో నాకు తెలియదు. మనసులో మాట పైకి అనే మనిషి కాదు.

మార్తమ్మ ఆసుపత్రినుంచి వచ్చాక సర్పంచి వరండాలో పంచాయితీ పెట్టారు. మొన్న మా ఇంట్లో టీ తాగిపోయిన ఆ మాజీ సర్పంచే, అప్పటికి కొత్తగా పదవిలోకి వచ్చాడు. వరండాలో కుర్చీలు, వాకిట్లో ఎండలో మార్తమ్మ. లోపల కిటికీ దగ్గర ఆడవాళ్ళం. మందుల కొట్టాయన కూడా పనికట్టుకుని వచ్చి, ఆ రోజు తనకేమీ వినిపించలేదని చెప్పి వెళ్ళాడు. చెట్టుకి ఎన్ని కాయలున్నాయో లెక్కపెట్టగలవాడికి పది అడుగుల దూరంలో మనిషి గొంతు వినిపించలేదు. పెద్దలందరూ కాసేపు గొణుక్కుని, రామయ్యగారు తన తప్పు లేకపోయినా పెద్దమనసుతో బస్తా బియ్యం ఇస్తారనీ, చావుకయ్యే ఖర్చు పెట్టుకుంటారనీ తేల్చారు. రామయ్య మా నాన్న పేరు. "ముసల్ది ఆ వయసులో ఎట్టాగూ పోయేదే గదమ్మా," అన్నాడు సర్పంచి, ఓదారుస్తున్నట్టు.

మార్తమ్మ మా నాన్నవైపు తిరిగి ఆయనతోనే మాట్లాడింది. "బియ్యం వద్దయ్యా. నేనడిగితే మీరు కోసుకోమన్నారు. ఆ మాట ఒక్కటి ఇక్కడ అనండి. నేను దొంగతనంగా కోసి అత్తని చంపుకున్నానంటన్నారు."

"నేననలేదు," అన్నాడు నాన్న.

ఆమె వాకిట్లో కొంచెంసేపు అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళిపోయింది. సాయంత్రం నాన్న పంపిన బియ్యం బస్తా మర్నాడు పొద్దున్నకి విప్పని మూతితో మా అరుగు మీద ఉంది.

నెల తిరిగేసరికి పత్తి విచ్చుకుంది. పత్తి తీతకి ముప్ఫైమంది ఆడవాళ్ళు దిగితేగానీ మా చేను తెమలదు. మార్తమ్మ ఎవరితోనూ తగువు పడలేదు, ఎవరినీ ఏమీ అనలేదు. ఒక్కోరోజు ఒక్కోచేలో ముఠాని దింపుతూ, మా చేను వచ్చేసరికి దాటి పక్కచేలోకి నడిచింది. రోజూ అంతే. పొట్టకి లేనివాళ్ళు ఎన్నాళ్ళుంటారు, వాళ్ళే వస్తారని నాన్న నవ్వాడు. పదిరోజులకి ఆ నవ్వు పోయింది. పక్కూరినుంచి కూలీల్ని ట్రాక్టరు మీద తెప్పించాడు. వాళ్ళు మంచినీళ్ళకని చర్చి దగ్గర ఆగారు. అక్కడ ఏం విన్నారో, ట్రాక్టరు అటునుంచి అటే వెనక్కి మళ్ళింది. చివరికి అమ్మా, పిన్నీ, కాలేజీకి సెలవు పెట్టి వచ్చిన నేనూ దిగాం. ఎండిన పత్తికాయ కొసలు సూదుల్లా గుచ్చుకుని గోళ్ళ పక్కన రక్తాలు వచ్చేవి. మేం ముగ్గురం రోజంతా తీస్తే మార్తమ్మ ఒక్కతి తీసేదానికి తక్కువ. అమ్మ జీవితంలో మొదటిసారి ఆ పని ఎంత పనో చూసింది. గోళ్ళకి పసుపు అద్దుకుని మర్నాడు మళ్ళీ దిగింది.

ఆ రోజుల్లో ఒక సాయంత్రం నాన్న స్కూటరు తీసుకుని పల్లె వైపు వెళ్ళాడు. చర్చి దాకా వెళ్ళి, అక్కడ స్కూటరు ఆపి, కాసేపు నిలబడి తిరిగొచ్చాడని తర్వాత తెలిసింది. మార్తమ్మ ఇల్లు అక్కడికి యాభై అడుగులుంటుందేమో. ఊరిని, వాన మబ్బుని, పురుగుని, వడ్డీవ్యాపారుల్ని ఎదుర్కొన్నానని చెప్పుకునే మనిషి ఆ యాభై అడుగులు నడవలేకపోయాడు. ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. మూడురోజుల వానకి పత్తి తడిసి నల్లబడి చెట్లకి వేలాడింది, కాయల్లోనే గింజలు మొలకలెత్తాయి.

మరుసటి తొలకరికి మా చేలో సుబాబుల్ నాటాడు. ఊళ్ళో ఎవరైనా అడిగితే కాగితం మిల్లులకి గిరాకీ ఉందనీ, రైతు కూడా కాలంతో పాటు మారాలనీ ఉపన్యాసమిచ్చేవాడు. ఇంట్లో అన్నం తింటూ అమ్మతో మాత్రం అసలు మాట అన్నాడు: "ఈ చెట్టుకి కలుపు తియ్యక్కర్లా, ఏరక్కర్లా. ఏ ముండ గడపా తొక్కక్కర్లా."

మా ఊరికి సుబాబుల్ వచ్చిన కారణం ఇదీ. ముందుచూపు కాదు, మొహం చెల్లకపోవడం.

తర్వాత జరిగింది గొర్రెదాటు. రామయ్యగారు పడకకుర్చీలో కూర్చునే వ్యవసాయం చేస్తున్నారని ఊళ్ళోవాళ్ళకి కన్ను కుట్టింది. ఆ రోజుల్లో కర్రకి మంచి ధర పలుకుతుండటంతో ఆ కన్ను ఇంకా పెద్దదైంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఊరికి మూడువైపులా సుబాబుల్, మిగిలినవైపు జామాయిల్. నేను ఎమ్మే చదువుతూ సెలవులకి వస్తే బస్సు దిగిన చోటునుంచి మా ఇల్లు కనపడేది కాదు. ఊరు అడవిలో దూరినట్టుండేది, కానీ అడవిలో ఉండే పిట్ట ఒక్కటీ లేదు. చెట్లలో పందులు చేరాయి. అవి మిగిలిన కంది, మిరప చేల మీద పడితే ఆ రైతులు కూడా విసిగి సుబాబులే వేశారు. ఏడాదిలో ఎనిమిది నెలలు పనిచూపిన నేలలో నాలుగేళ్ళకోసారి, అదీ బయటినుంచి వచ్చే కర్రకోత మగవాళ్ళకి పని. ముప్ఫైమంది ముఠా మొదట ఆటోల్లో కిక్కిరిసి ఎక్కడెక్కడి మిరపకోతలకో పోయింది. కారపు ఘాటుకి కళ్ళు వాచి, చీకటిపడ్డాక దిగేవాళ్ళు. తర్వాత ఒక్కొక్క కుటుంబం ఇంటికి తాళం పెట్టి గుంటూరు కోల్డ్ స్టోరేజీలకీ, చీరాల వైపుకీ వెళ్ళిపోయింది. పల్లె బడి పిల్లల్లేక మూసేశారు. మార్తమ్మ ఎప్పుడు వెళ్ళిందో ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. మా నాన్నకి మాత్రం పోయేదాకా గుర్తుండే ఉంటుంది. ఆయనకి శాలువా కప్పి ఆదర్శ రైతు అని చదివిన సభలో నేనూ ఉన్నాను. చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇప్పుడు కర్ర ధర పడిపోయింది. కొనేవాడు లేక చెట్లు ముదిరిపోతున్నాయి, మొద్దులు పీకించాలంటే పొక్లెయిన్ కావాలి. పీకించి మళ్ళీ పత్తో మిరపో వేద్దామంటే చెయ్యి వేసేవాళ్ళు లేరు. మొన్న మా హాల్లో కూర్చుని బాబాయిది అరగంటసేపు ఇదే గోడు. కూలోళ్ళకి ఒళ్ళొంగడం లేదట, ప్రభుత్వం బియ్యమిచ్చి చెడగొట్టిందట. తరిమేసినవాళ్ళే దొరకడం లేదని ఏడవటానికి సిగ్గనేది ఉండాలి. ఆయన పక్కన సంచీలో గుంటూరు సూపర్ మార్కెట్లో కొన్న జొన్నరవ్వ, కొర్రల పాకెట్లు ఉన్నాయి. షుగరుకి మంచివని డాక్టరు చెప్పాడట. జొన్నరొట్టె చెయ్యడం మా పిన్నికి రాదట, పనమ్మాయికీ రాదట. గుంటూరులో ఎవరైనా పాతకాలం ఆడవాళ్ళుంటే చూడమని నన్నడిగాడు.

వాళ్ళు వెళ్ళాక నేను మార్తమ్మ కోసం వాకబు చేశాను. పల్లె చర్చి పాస్టరుగారు వేటపాలెంలో రూతు ఇంటి గుర్తులు చెప్పారు. చీరాలదాకా బస్సు, అక్కడినుంచి ఆటో. రేకుల ఇల్లు, ముందు పందిరి. మార్తమ్మ పందిరి కింద పీట మీద కూర్చుని, ముందు గోతంలో పోసిన జీడిగింజల్ని పప్పు విరగకుండా ఒలుస్తోంది. దగ్గర్లో ఉన్న జీడిపప్పు యూనిట్ నుంచి తెచ్చుకుని ఇంటి దగ్గరే చేస్తుందట. జుట్టు పూర్తిగా నెరిసింది. జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడి, తోలు లేచిపోయి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టడానికి ఆమెకి ఎంతోసేపు పట్టలేదు. రూతు కుర్చీ తెచ్చి వేసి, మంచినీళ్ళు ఇచ్చింది. వాళ్ళు తాగే గ్లాసులోనే. నాన్న పోయాడని చెప్పాను. విన్నామంది. అమ్మ గురించి అడిగింది, నా పిల్లల గురించి అడిగింది. ఊరి గురించి మాత్రం అడగలేదు.

నేను చెప్పదలుచుకున్నది బస్సులో వంద రకాలుగా కూర్చుకున్నాను. తీరా నోరు విప్పేసరికి అన్నీ పోయాయి. చిన్నప్పట్నుంచీ 'నువ్వు' అన్న మనిషిని ఆ రోజు మొదటిసారి 'మీరు' అన్నాను, అది నా నోట్లోనే కొత్తగా పలికింది. "మార్తమ్మగారూ, ఆ రోజు మీరు అడిగారు. నాన్న కోసుకోమన్నాడు. నేను విన్నాను."

ఆమె చేతులు ఆగలేదు. "తెలుసు పాపా. గట్టు మీద నువ్వున్నావుగా," అంది. ఇంకో నాలుగు గింజలు ఒలిచింది. "పంచాయితీ రోజున కూడా కిటికీలో నిన్ను చూశా. అంటావేమోనని కాసేపు నిలబడ్డా."

వాకిట్లో ఎండలో ఆమె నిలబడ్డ ఆ కొంచెంసేపు నాకు గుర్తుంది. అది మా నాన్న కోసమని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాన్న పిరికివాడని, కొట్టాయన అమ్ముడుపోయినవాడని, సర్పంచి గుండె రాయని, అమ్మ నోరు లేనిదని ఒక్కొక్కరినీ తూకం వేసుకుంటూ బతికిన నాకు, ఆమె ఎదురుచూసింది నా కోసమని ఆ పందిరి కింద తెలిసింది. భయమేసిందని చెప్పాను.

"నాకు మాత్రం భయం లేదా పాపా," అంది మార్తమ్మ. నిష్ఠూరంగా అనలేదు. నిజంగా అడుగుతున్నట్టే అంది. "మీ నాన్న ఆ ఒక్కమాట అనుంటే మర్నాడే దిగి ఆ పత్తి మొత్తం తీసిపెట్టేవాళ్ళం."

రూతు లోపల వంట చేస్తోంది. తిని వెళ్ళమంది, తిన్నాను. వెళ్ళేముందు, ఊళ్ళో పుస్తకం వేస్తున్నారని, నన్ను రాయమన్నారని, ఈ సంగతి రాయొచ్చా అని మార్తమ్మని అడిగాను. ఆమె గింజలు పక్కకి పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది. తన అత్త పేరు రాయమంది, దీనమ్మ అని, ముసల్ది అని కాదు. ఇంకేమైనా రాయాలా అని అడిగాను.

"అడిగి కోశానని రాయి," అంది.

అడిగే కోసింది. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.